ఒకే జమ, రెండు పేర్లు: ఫెడరల్ సాయం, ప్రావిన్స్ సాయం ఎలా కలుస్తాయి?

గోరింటాకు (బ్రాంప్టన్), 2025 అక్టోబర్ 21

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఈ వేదిక చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మేము 2024 జనవరిలో కెనడాకు వచ్చాం. మావారికీ నాకూ వర్క్ పర్మిట్లు ఉన్నాయి. పాపకు నాలుగేళ్లు, బాబుకు ఎనిమిది. పద్దెనిమిది నెలలు నిండాక పిల్లల సాయానికి దరఖాస్తు పెట్టాం. నిన్న మొదటిసారి డబ్బు జమ అయింది. కాగితంలో నెలకు 1,182 డాలర్లు అని ఉంది. దాని కింద రెండు వరుసలు: కెనడా చైల్డ్ బెనిఫిట్ 1,065, ఒంటారియో చైల్డ్ బెనిఫిట్ 117.

మావారికి తెలిసిన ఒక సలహాదారు ఆ రెండో వరుస చూసి, "ఇది ప్రావిన్స్ డబ్బు, దీనికి విడిగా దరఖాస్తు పెట్టలేదు కాబట్టి రేపు వెనక్కి అడుగుతారు, 250 డాలర్లు ఇస్తే నేను పెడతాను" అన్నారు. శుక్రవారంలోగా చెప్పమన్నారు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేము అడగని డబ్బు మా ఖాతాలో పడిందా? అసలు ఈ రెండు ప్రభుత్వాలూ, దేశమంతటికీ ఉన్న ఫెడరల్ ప్రభుత్వం, మన రాష్ట్రం లాంటి ప్రావిన్స్ ప్రభుత్వం, ఒకే జమలో ఎలా ఇస్తున్నాయి?

ఇంకొక సంగతి. మావారికి కాల్గరీలో ఉద్యోగం వచ్చే సూచనలున్నాయి. వెళితే ఇందులో ఏది ఉంటుంది, ఏది పోతుంది?

లెక్కలపుస్తకం (మిస్సిసాగా), అక్టోబర్ 21

అమ్మా, ముందు ఆ 250 డాలర్లు ఇవ్వకండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

నేను పద్నాలుగేళ్లుగా పన్ను రిటర్నులు వేస్తున్నాను. ఒంటారియో చైల్డ్ బెనిఫిట్‌కు విడి దరఖాస్తు లేదు. మీరు ఆర్‌సీ66 ఫారం నింపినప్పుడే రెండింటికీ అడిగినట్టు. డబ్బు ఒంటారియో ఖజానాది. లెక్క కట్టేది, జమ చేసేది మాత్రం సీఆర్ఏ, అంటే ఫెడరల్ పన్ను శాఖ. ఒంటారియో ఒక్కటే కాదు, క్యూబెక్ తప్ప చాలా ప్రావిన్సులు తమ పిల్లల సాయాన్ని ఇలాగే సీఆర్ఏ చేతికి అప్పగించాయి. అందుకే మీకు ఒకే జమ, రెండు పేర్లు.

మీరు అడగని డబ్బు కాదది. నిశ్చింతగా నిద్రపోండి.

జాగ్రత్త పడవలసిన విషయాలు వేరే ఉన్నాయి. మీవి తాత్కాలిక పర్మిట్లు కాబట్టి, పర్మిట్ గడువు తీరితే ఈ జమ ఆగిపోతుంది. కొత్త పర్మిట్ రాగానే కాపీ సీఆర్ఏకు పంపాలి. ఆ పర్మిట్ మీద హోదా ఇవ్వదు అనే వాక్యం ఉంటే పనికిరాదు. ఇద్దరూ ప్రతి ఏడాదీ రిటర్ను వేయాలి. ఒకరికి ఒక్క డాలరు సంపాదన లేకపోయినా వేయాలి. భర్త వేసి భార్య వేయకపోవడం వల్ల జూలైలో జమ ఆగిపోయిన ఇళ్లు నేను ఏటా నాలుగైదు చూస్తాను. అలా ఆగినప్పుడు ఫెడరల్ డబ్బూ ప్రావిన్స్ డబ్బూ కలిసే ఆగుతాయి.

కృష్ణాతీరం (స్కార్‌బరో), అక్టోబర్ 21

గోరింటాకు గారూ, మీ ప్రశ్న చూడగానే మా నాన్నమ్మ గుర్తొచ్చింది. అవనిగడ్డ దగ్గర మా ఊళ్లో ఆవిడకు ప్రతి నెలా 1వ తేదీన పింఛను చేతికిస్తారు. 2024 జూలై నుంచి అది 4,000 రూపాయలు. కేంద్రం వృద్ధాప్య పింఛను పథకంలో 60 నుంచి 79 ఏళ్ల వారికి కేంద్రం వాటా 200 రూపాయలే, 80 దాటితే 500. మిగతాదంతా రాష్ట్రం కలిపి తన పేరు పెట్టుకుని ఇస్తుంది. నాన్నమ్మకు ఆ రెండు వాటాల సంగతి తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు. ఇక్కడ దాదాపు అదే పద్ధతి, తలకిందులుగా. పెద్ద వాటా ఫెడరల్‌ది, చిన్న వాటా ప్రావిన్స్‌ది, పంచేది ఫెడరల్ చేయి.

గోరింటాకు, అక్టోబర్ 21

ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. లెక్కలపుస్తకం గారూ, ఒక్క సందేహం. ఆ 1,065, ఆ 117 ఎలా వచ్చాయి? రెండూ ఒకే ఆదాయం చూసి వేస్తే ఒకటి అంత పెద్దది, ఒకటి ఇంత చిన్నది ఎందుకు? 2024లో మా ఇద్దరి ఆదాయం కలిపి 52,000 డాలర్లు. విమానం ఎక్కేముందు జనవరిలో హైదరాబాద్‌లో వచ్చిన పది రోజుల జీతం కూడా అందులో చూపించాం.

లెక్కలపుస్తకం, అక్టోబర్ 22

హైదరాబాద్ జీతం చూపించడం చాలా మంచి పని చేశారు. చాలామంది అక్కడే తప్పు చేస్తారు.

ఇప్పుడు లెక్క. ఇద్దరి రిటర్నుల్లో 23600వ వరుసలో ఉన్న నికర ఆదాయాలు కలిపితే వచ్చేదే కుటుంబ ఆదాయం. రెండు ప్రభుత్వాలూ చూసేది ఆ ఒక్క అంకెనే. కానీ ఆ అంకెను ఎక్కడి నుంచి కోయాలన్నది ఎవరి నిర్ణయం వారిది.

2025 జూలై నుంచి 2026 జూన్ వరకు ఫెడరల్ లెక్క చూడండి. ఆరేళ్ల లోపు బిడ్డకు ఏడాదికి 7,997, ఆరు నుంచి పదిహేడేళ్ల బిడ్డకు 6,748. మీ ఇద్దరు పిల్లలకు కలిపి 14,745. కుటుంబ ఆదాయం 37,487 దాటిన దగ్గర నుంచి ఇద్దరు పిల్లలున్న ఇంటికి నూటికి పదమూడున్నర చొప్పున తగ్గుతుంది. మీరు దాటింది 14,513. అందులో పదమూడున్నర శాతం 1,959. తీసేస్తే 12,786, నెలకు 1,065.

ఒంటారియో లెక్కలో బిడ్డకు 1,727, ఇద్దరికీ 3,454. అది 26,364 నుంచే తగ్గడం మొదలవుతుంది, నూటికి ఎనిమిది చొప్పున. మీరు దాటింది 25,636, దానిలో ఎనిమిది శాతం 2,051. మిగిలింది 1,403, నెలకు 117.

ఇక్కడ కాస్త ఆగి చూడండి, ఇది ఎవరూ చెప్పరు. మీ ఆదాయం ఉన్న చోట రెండు కోతలూ ఒకేసారి నడుస్తున్నాయి. వచ్చే ఏడాది మీరు అదనంగా 100 డాలర్లు సంపాదిస్తే ఫెడరల్ సాయంలో పదమూడున్నర, ఒంటారియో సాయంలో ఎనిమిది, మొత్తం ఇరవై ఒకటిన్నర డాలర్లు పోతాయి. ఆదాయపు పన్ను దానికి అదనం. జీఎస్‌టీ క్రెడిట్ తగ్గితే అదీ అదనం. ఏ ప్రభుత్వమూ ఇరవై ఒకటిన్నర కోయాలని నిర్ణయించలేదు. ఇద్దరూ విడివిడిగా కోసినవి మీ ఇంట్లో కలిశాయి.

అదే లెక్క మీకు మేలు కూడా చేస్తుంది. ఆర్ఆర్ఎస్‌పీ అనే పదవీ విరమణ పొదుపు ఖాతాలో 1,000 డాలర్లు వేస్తే నికర ఆదాయం అంత తగ్గి, పన్ను ఆదా కాక, తర్వాతి జూలై నుంచి పిల్లల సాయం ఏడాదికి 215 డాలర్లు పెరుగుతుంది. జీతం లక్షన్నర ఉన్నవారి కంటే మీలాంటి ఇంటికే ఆ సలహా ఎక్కువ అవసరం. చెప్పేవాళ్లు మాత్రం మీ దాకా రారు.

ఇంకొకటి. రిటర్నుతో ఓఎన్-బెన్ అనే ఫారం వేశారా? వేయకపోతే ట్రిలియమ్ అనే ఒంటారియో సాయంలో అద్దె భాగం రాదు.

గోరింటాకు, అక్టోబర్ 22

ట్రిలియమ్ పేరు విన్నాను కానీ ఆ ఫారం వేసిన గుర్తు లేదు. మేము బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం, సొంత ఇల్లు కాదు. మాకూ వస్తుందా?

లెక్కలపుస్తకం, అక్టోబర్ 22

అద్దెకున్నవారికే ముఖ్యంగా అవసరం. ట్రిలియమ్ అంటే ఒంటారియో ఇచ్చే అమ్మకపు పన్ను క్రెడిట్, ఇంధనం, ఇంటిపన్నుల క్రెడిట్, ఉత్తరాన ఉన్నవారికైతే ఇంకొక ఇంధన క్రెడిట్, అన్నీ కలిపిన మూట. అద్దెలో ఇంటిపన్ను భాగం ఉంటుందని లెక్క. ఇదీ ప్రావిన్స్ డబ్బే, ఇదీ సీఆర్ఏ చేతి మీదుగానే వస్తుంది, కాకపోతే 10వ తేదీన. ఏడాదికి 360 డాలర్లు దాటకపోతే జూలైలో ఒకేసారి ఇచ్చేస్తారు.

పిల్లల సాయంలో ప్రావిన్స్ వాటా అడగకుండానే వస్తుంది. ట్రిలియమ్‌లో అద్దె భాగం అడిగితేనే వస్తుంది. పాత రిటర్ను సవరించి ఫారం జత చేయవచ్చు. ఇంటి యజమాని దగ్గర అద్దె రసీదు తీసుకోండి. నగదు ఇచ్చి రసీదు అడగడానికి మొహమాటపడే తెలుగు ఇళ్లు బ్రాంప్టన్‌లో ఎన్నో. ఆ మొహమాటం ఏటా కొన్ని వందల డాలర్లు తినేస్తోంది.

మాంట్రియల్‌మందారం (మాంట్రియల్), అక్టోబర్ 22

ఒంటారియో వాళ్లు అదృష్టవంతులు. మా క్యూబెక్‌లో ఏదీ దానంతట అది రాదు. రిటర్నులే రెండు, ఒకటి ఒట్టావాకు, అంటే ఫెడరల్ ప్రభుత్వానికి, ఒకటి క్యూబెక్‌కు. ఫెడరల్ పిల్లల సాయం సీఆర్ఏ నుంచి వస్తుంది. క్యూబెక్ కుటుంబ భత్యం రెత్రెత్ క్యూబెక్ అనే సంస్థ నుంచి, మూడు నెలలకోసారి వస్తుంది. బిడ్డ ఇక్కడే పుడితే నమోదుతోనే మొదలవుతుంది కానీ, బయటి నుంచి వచ్చినవారు విడిగా దరఖాస్తు పెట్టాలి. మీ సలహాదారు మాట మా ఊళ్లో అయితే సగం నిజం.

ప్రసూతి సెలవు డబ్బు కూడా అంతే. దేశమంతా ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ అనే ఫెడరల్ నిరుద్యోగ బీమా ఇస్తుంది, మాకు 2006 నుంచి సొంత పథకం ఉంది. అందుకని మా జీతంలో ఫెడరల్ బీమా కోత తక్కువ, క్యూబెక్ కోత అదనం. పింఛను విషయంలో 1966 నుంచే వేరు కుంపటి, అక్కడ సీపీపీ, ఇక్కడ క్యూపీపీ. ఉద్యోగం మారి ఒంటారియో వెళ్లినా ఆ ఏళ్లు పోవు, రెండూ కలిపి చూస్తారు.

మా రెండో పాప పుట్టినప్పుడు ఒకే సమాచారం మూడు చోట్ల ఇచ్చాను. కానీ ఇక్కడి డేకేర్, సెలవు చూశాక ఆ కాగితాల శ్రమ నాకు బరువనిపించలేదు. ఈ మాట కూడా నిజాయితీగా చెప్పాలి.

మంచుబాట (కాల్గరీ), అక్టోబర్ 23

గోరింటాకు గారూ, కాల్గరీ సంగతి నేను చెబుతాను. 2019లో మేమూ మిస్సిసాగా నుంచి వచ్చాం.

ఫెడరల్ పిల్లల సాయం మీతోనే వస్తుంది. సీఆర్ఏలో చిరునామా మార్చితే చాలు. ఒంటారియో వాటా ఆగిపోయి, దాని చోట ఆల్బర్టా పిల్లలు, కుటుంబ సాయం మొదలవుతుంది. అదీ సీఆర్ఏనే పంచుతుంది, విడి దరఖాస్తు లేదు. కానీ నెలనెలా రాదు. ఆగస్టు, నవంబర్, ఫిబ్రవరి, మే నెలల్లో వస్తుంది. నెల ఖర్చు 1,182 మీద అల్లుకుని ఉంటే మొదటి రెండు మూడు నెలలు ఇబ్బంది పడతారు, ముందే కొంత పక్కన పెట్టుకోండి. పని చేసి సంపాదించే ఇళ్లకు ఇక్కడ అదనపు భాగం కూడా ఉంది.

ట్రిలియమ్‌కు నెల మొదటి రోజున ఒంటారియోలో ఉండాలి. ఇక్కడ దానికి జోడు లేదు, ప్రావిన్స్ అమ్మకపు పన్ను కూడా లేదు. ప్రావిన్స్ ఆదాయపు పన్ను డిసెంబర్ 31న మీరు ఎక్కడున్నారో అక్కడి రేటు ప్రకారం ఏడాది మొత్తానికి పడుతుంది. డిసెంబర్ 20న వచ్చినా ఆ ఏడాదికి మీరు ఆల్బర్టా వారే. ఇక్కడి ఆరోగ్య కార్డు, మీరు ఇక్కడికి మారిన తర్వాత మూడో నెల మొదటి తేదీ నుంచి పని చేస్తుంది, అంతవరకు ఓహిప్ కార్డు, అంటే ఒంటారియో ఆరోగ్య బీమా కార్డు, జాగ్రత్తగా ఉంచుకోండి.

ఇవన్నీ సర్దుకునేవే. సర్దుకోలేనిది ఒకటి ఇక్కడ నడుస్తోంది, అది చెప్పకుండా ఉండలేను.

ఆదివారాలు గుడిలో మేం కొందరం ఫారాలు నింపి పెడతాం. వైకల్యం ఉన్న పెద్దవారి కోసం ఫెడరల్ ప్రభుత్వం ఈ జూలై నుంచి కెనడా డిజెబిలిటీ బెనిఫిట్ మొదలుపెట్టింది. 18 నుంచి 64 ఏళ్ల వారికి నెలకు ఎక్కువలో ఎక్కువ 200 డాలర్లు. దానికి ముందు డాక్టరు నింపిన టీ2201 ఫారం మీద పన్ను క్రెడిట్ మంజూరై ఉండాలి. ఒంటారియో తన వైకల్య సాయం ఓడీఎస్‌పీ నుంచి ఆ 200 తగ్గించనని చెప్పింది. ఆల్బర్టా మాత్రం తన వైకల్య సాయం ఏఐఎస్‌హెచ్ నుంచి అంతకు అంత తగ్గిస్తుంది. పైగా ఏఐఎస్‌హెచ్ మీద ఉన్నవారు ఆ ఫెడరల్ సాయానికి దరఖాస్తు పెట్టి తీరాలి.

ఆగస్టులో ఒక తల్లి రెండు కాగితాలు తెచ్చారు. కొడుకుకు ముప్పై దాటాయి, మాట రాదు. ఒక కాగితంలో 200 వచ్చింది, రెండో దానిలో 200 పోయింది. ఆవిడ వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి, వేలితో ఒక అంకె నుంచి ఇంకొక అంకెకు గీత గీసి, "ఇది ఇక్కడికి వెళ్లిందా బాబూ?" అని అడిగారు. ఫారం నింపింది నేనే. డాక్టరు దగ్గరకు రెండుసార్లు తిప్పింది నేనే. అవునమ్మా అనడానికి నాకు నోరు రాలేదు.

పాతగడియారం (ఎటోబికో), అక్టోబర్ 23

మంచుబాట గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇది మొదటిసారి కాదు.

1998లో ఫెడరల్ ప్రభుత్వం పేద పిల్లలకు జాతీయ పిల్లల సాయం అనే అదనపు సొమ్ము తెచ్చింది. అప్పట్లో చాలా ప్రావిన్సులు సంక్షేమ సాయం మీద ఉన్న కుటుంబాల నుంచి అంత సొమ్మూ తగ్గించుకున్నాయి, మిగిలిన డబ్బును ఇతర పిల్లల పథకాల్లో పెడతామన్నాయి. ఒప్పందం కూడా అలాగే కుదిరింది. పని చేసే పేదవాడికి, సాయం మీద ఉన్న పేదవాడికి మధ్య తేడా ఉండాలన్నది వారి వాదన. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ మూతపడి మా ఇల్లు ఎనిమిది నెలలు సాయం మీద నడిచింది. చెక్కుతో వచ్చే చీటీలో పిల్లల పేరుతో ఒక కోత వరుస ఉండేది. మా అమ్మాయి అప్పుడు ఒకటో తరగతి. ఆ వరుస ఏమిటి నాన్నా అని అడిగితే, నీకు ఇంకో చోట వస్తోందమ్మా అని చెప్పాను.

తర్వాత మారింది. ఒంటారియో 2007లో తన చైల్డ్ బెనిఫిట్ మొదలుపెట్టి, సంక్షేమ సాయంలోని పిల్లల భాగాన్ని అందులోకి తెచ్చింది. సాయం మీద ఉన్నా, ఉద్యోగం చేస్తున్నా పిల్లల డబ్బు పిల్లలకే అన్న పద్ధతి అప్పుడు వచ్చింది. 2016 జూలైలో ఇప్పటి సీసీబీ, అంటే కెనడా చైల్డ్ బెనిఫిట్, వచ్చినప్పుడు ప్రావిన్సులు దాన్ని సంక్షేమ సాయం నుంచి తగ్గించలేదు. గోరింటాకు గారి కాగితంలో రెండు వరుసలు కూడికగా ఉన్నాయంటే, తీసివేతగా లేవంటే, దాని వెనుక పద్దెనిమిదేళ్ల వాదులాట ఉంది. వైకల్య సాయం విషయంలో ఆల్బర్టాలో మళ్లీ మొదటి మెట్టు దగ్గర ఉన్నాం.

ఎందుకిలా అంటే, సంక్షేమం రాజ్యాంగం ప్రకారం ప్రావిన్సుల పని. నిరుద్యోగ బీమా కోసం 1940లో, వృద్ధాప్య పింఛను కోసం 1951లో రాజ్యాంగం సవరిస్తేనే ఒట్టావాకు ఆ అధికారం వచ్చింది. 1966 నుంచి ముప్పై ఏళ్లు సంక్షేమ ఖర్చులో సగం ఒట్టావా భరించేది, షరతులు పెట్టేది. 1996లో దాని బదులు ఒక మొత్తం ఇచ్చేసి మీ ఇష్టం అన్నది. అప్పటి నుంచి ఒట్టావా మనిషి చేతికి నేరుగా డబ్బు ఇవ్వగలదు కానీ, ప్రావిన్స్ తన జేబులో నుంచి ఎంత తగ్గించుకుంటుందో చెప్పలేదు. అడగగలదు, అంతే.

మంచుబాట, అక్టోబర్ 23

పాతగడియారం గారూ, ఆ తల్లికి వచ్చే ఆదివారం మీరు చెప్పింది చెబుతాను. ఇంతకుముందు మారింది కాబట్టి ఇదీ మారవచ్చని.

ఇంకొక మాట కూడా కలపాలి. కొన్ని కోతలు అన్ని చోట్లా ఉన్నవే. ఓడీఎస్‌పీ మీద ఉన్నవారికి సీపీపీ వైకల్య పింఛను వస్తే ఓడీఎస్‌పీ అంతకు అంత తగ్గుతుంది. ఒంటారియో వర్క్స్ అనే సంక్షేమ సాయం మీద ఉండగా ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ వచ్చినా అంతే. ప్రావిన్స్ సంక్షేమ సాయం చివరి దిక్కు అన్నది వారి సూత్రం. కాబట్టి కొత్త ఫెడరల్ పథకం ఏది వచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న, ఇది ఎంత ఇస్తుంది అని కాదు, మా ప్రావిన్స్ దీన్ని ఆదాయంగా చూస్తుందా లేదా అని.

చేమంతి (మార్కం), అక్టోబర్ 24

మా అమ్మ సంగతి చెబుతాను, ఇంకెవరికీ ఇలా కాకూడదని.

అమ్మను 2013 మార్చిలో స్పాన్సర్ చేసి తెచ్చుకున్నాం. నాన్నగారు లేరు. పదేళ్లు నిండాక 2023లో అమ్మకు వృద్ధాప్య పింఛను వచ్చింది. నలభై ఏళ్లుంటే పూర్తి పింఛను, పదేళ్లకు నాలుగో వంతు. ఇప్పటి రేటు ప్రకారం 740లో నాలుగో వంతు, అంటే 185 డాలర్లు. దానితో అమ్మ బతకలేదు. కానీ ఆదాయం తక్కువ కాబట్టి జీఐఎస్ అనే ఫెడరల్ సప్లిమెంట్ వచ్చింది, పెద్ద మొత్తం అదే. జీఐఎస్ రావడంతో ఒంటారియో గెయిన్స్ అనే చిన్న మొత్తం దానంతట అదే మొదలైంది. దానికి మేము అడగనే లేదు. అమ్మ ఆ మూడూ ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకునేది. గెయిన్స్ వచ్చిన రోజు "ఇది గుడి హుండీకి" అని విడిగా పెట్టేది.

2024 అక్టోబర్ 27న అమ్మ తెనాలి వెళ్లింది. మేము ఓహిప్ ఒక్కటే లెక్క చూసుకున్నాం. పన్నెండు నెలల్లో 153 రోజులు ఒంటారియోలో ఉండాలి కదా, మే నెలాఖరులోగా వస్తే సరిపోతుందనుకున్నాం. ఏప్రిల్‌లో బాత్రూంలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, మంచం, ఫిజియోథెరపీ. తిరిగి వచ్చేసరికి ఆగస్టు 11.

సెప్టెంబర్‌లో లేఖ వచ్చింది. మే, జూన్, జూలై నెలల పింఛను, జీఐఎస్ తిరిగి కట్టమని. దేశం విడిచిన నెల పోను ఆరు నెలల వరకే ఇస్తారట. ఆ తర్వాత పూర్తిగా బయట ఉన్న నెలలకు రాదు. అమ్మ పడిపోయిందన్న కంగారులో మేము ఎవరికీ తెలియజేయలేదు, ఖాతాలో డబ్బు పడుతూనే ఉంది. తప్పు మాదే. గెయిన్స్ కూడా జీఐఎస్‌తో పాటే పోయింది. ఓహిప్ కార్డు సంగతి వేరే నడుస్తోంది.

అమ్మ ఆ నోటు పుస్తకం తెచ్చి, మూడు నెలల అంకెల మీద అడ్డగీతలు కొట్టింది. హుండీలో వేసిన డబ్బు ఎలా తేవాలి అని అడిగింది.

లెక్కలపుస్తకం, అక్టోబర్ 24

చేమంతి గారూ, అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు? నడుస్తున్నారా?

ముందు అవసరమైనది. ఒకేసారి కట్టనక్కరలేదు. ఫోను చేసి, నెలనెలా పింఛనులో నుంచి కొద్దికొద్దిగా తగ్గించుకోమని అడగండి, ఒప్పుకుంటారు. ఆస్పత్రి కాగితాలు, విమానం టికెట్లు భద్రపరచండి. అమ్మగారు తిరిగి వచ్చారని రాతపూర్వకంగా తెలియజేయండి, పింఛను, జీఐఎస్ మళ్లీ మొదలవ్వాలి. ఓహిప్‌కు అనారోగ్యం కారణం చూపి విడిగా రాయండి. గెయిన్స్‌కు మాత్రం ఏమీ చేయనక్కరలేదు, జీఐఎస్ తిరిగి వస్తే అదే వస్తుంది. ఇప్పుడు దాని గరిష్ఠం నెలకు 90 డాలర్లు.

తల్లిదండ్రులను తెచ్చుకున్న ప్రతి ఇంటికీ ఈ మాట. పింఛను కార్యాలయం నెలలు లెక్కపెడుతుంది, ఓహిప్ రోజులు లెక్కపెడుతుంది. ఒకటి దేశం సరిహద్దు చూస్తుంది, ఒకటి ప్రావిన్స్ సరిహద్దు చూస్తుంది. వాంకూవర్‌లో అబ్బాయి దగ్గర అయిదు నెలలు ఉంటే పింఛనుకు ఏమీ కాదు. కెనడాలో 20 ఏళ్లు ఉన్నవారికి వృద్ధాప్య పింఛను బయట ఉన్నా వస్తుంది, కానీ జీఐఎస్ ఎన్నేళ్లున్నవారికైనా ఆరు నెలలకు ఆగుతుంది.

జీఐఎస్‌కు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా లెక్కే. విజయవాడలో ఇంటి అద్దె, బ్యాంకు డిపాజిట్ వడ్డీ, అక్కడి పింఛను, అన్నీ రిటర్నులో చూపాలి. ఏప్రిల్ 30లోగా రిటర్ను వేస్తే జూలైలో జీఐఎస్ కొనసాగుతుంది.

తెచ్చుకున్న తల్లిదండ్రులను మేమే పోషిస్తామని ఇచ్చే స్పాన్సర్ హామీ 2014 నుంచి పదేళ్లు కాదు, ఇరవై ఏళ్లు. సంతకం చేసేది ఫెడరల్ కాగితం మీద. ఆ ఇరవై ఏళ్లలో తల్లిదండ్రులు ఒంటారియో వర్క్స్ తీసుకుంటే ఆ అప్పు ప్రావిన్స్‌కు కట్టవలసింది స్పాన్సరే. పదేళ్ల నివాసం నిండాక వచ్చే పింఛను, జీఐఎస్‌కు మాత్రం ఆ హామీ అడ్డు కాదు. ఈ రెండూ కలిపేసుకుని, అర్హత ఉండీ దరఖాస్తు పెట్టని పెద్దలు నాకు తెలుసు.

భారత్‌తో సామాజిక భద్రత ఒప్పందం 2015 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అక్కడ చందా కట్టిన ఏళ్లు పదేళ్ల అర్హత చేరడానికి పనికిరావచ్చు. డబ్బు మాత్రం ఇక్కడ ఉన్న ఏళ్లకే లెక్కకడతారు.

చేమంతి, అక్టోబర్ 24

వాకర్ పట్టుకుని వంటింటి వరకు వస్తోంది అండీ. రేపే ఫోను చేస్తాను. తిరిగి వచ్చినట్టు రాసి ఇవ్వాలని మాకు తట్టనే లేదు.

కృష్ణాతీరం, అక్టోబర్ 24

ఇంత చదివాక నాకు అనిపిస్తోంది, అన్నీ ఒకే చోట ఒకే కార్యాలయంలో ఉంటే ఈ బాధలు ఉండవు కదా?

పాతగడియారం, అక్టోబర్ 25

నేను ఒప్పుకోను కృష్ణాతీరం గారూ. ఒకే కార్యాలయం ఉంటే ఒకే తలుపు మూసుకుంటుంది. డేకేర్ చూడండి. 2021లో ఒట్టావా రోజుకు 10 డాలర్ల పథకం ప్రకటించి ప్రావిన్సులతో ఒప్పందాలు చేసుకుంది. ఒంటారియో అందరికన్నా చివర, 2022 మార్చిలో సంతకం చేసింది. ఇప్పుడు ఇక్కడి ఒప్పంద కేంద్రాల్లో రోజుకు 22 డాలర్లు మించకూడదు. అది కాక, ఆదాయం తక్కువైతే పీల్ రీజియన్ లాంటి స్థానిక ప్రభుత్వం విడిగా రాయితీ ఇస్తుంది. మూడు అంతస్తులు ఉండబట్టే, పైవాడు ఆలస్యం చేసినా కిందివాడి దగ్గర మాట్లాడే అవకాశం ఉంది. ఎవరు ఏది ఇస్తారో ముందే చెప్పాలి, నేను అడిగేది అదే. వచ్చినవారికి విమానాశ్రయంలోనే ఒక కాగితం, తెలుగులోనూ పంజాబీలోనూ తమిళంలోనూ, ఇస్తే ఎంత బాగుంటుంది.

గోరింటాకు గారూ, పాపకు నాలుగేళ్లన్నారు. బడి ముందు వెనుకల డేకేర్ అవసరమైతే ఆ రాయితీకి ఇప్పుడే పేరు రాయించండి, వరుస పొడవుగా ఉంటుంది.

గోరింటాకు, అక్టోబర్ 26

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు.

శుక్రవారం ఆ సలహాదారు ఫోను చేశారు. మావారు వద్దని చెప్పారు. తర్వాత నేనే సీఆర్ఏకు ఫోను చేశాను. నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఒకావిడ పలికారు. నా ఇంగ్లీషు కాస్త తడబడింది, ఆవిడ తొందరపెట్టలేదు. ఒంటారియో వాటాకు విడి దరఖాస్తు లేదని ఆవిడ నోటితోనే విన్నాను. ఓఎన్-బెన్ సవరణ ఎలా పంపాలో కూడా చెప్పారు. నిన్న సాయంత్రం పైఅంతస్తులో ఇంటి యజమాని ఆంటీని అద్దె రసీదు అడిగాను. అడగడానికి మెట్ల మీద రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఆవిడ టీ ఇచ్చి, కూర్చోబెట్టి, పన్నెండు నెలలకూ రాసిచ్చారు.

కాల్గరీ నుంచి ఇంకా మాట రాలేదు. వస్తే వచ్చే 20న జమయ్యే దాంట్లో 400 పక్కన పెట్టమని మావారితో అన్నాను, మంచుబాట గారు చెప్పిన మొదటి మూడు నెలల కోసం.

చేమంతి గారూ, మేము మార్కం వైపు ఆదివారం వస్తున్నాం. అమ్మగారిని ఒకసారి చూసి వెళ్లవచ్చా? మా అమ్మ పంపిన సున్నుండలు ఉన్నాయి.

చేమంతి, అక్టోబర్ 26

తప్పకుండా రండి. పిల్లలను తీసుకురండి. అమ్మ ఇప్పటి నుంచే అడుగుతోంది, పాపకు ఏమి ఇష్టమని.